అభిమానం, దురభిమానం, అభ్యంతరం

తెలుగులో 'అభిమానం' ఒకటే మాట అయినా రెండు పనులు చేస్తుంది. మరొకరి మీద మనకుండే ఇష్టమూ అభిమానమే, మన మీద మనకుండే గౌరవమూ అభిమానమే. హీరో కటౌటుకు పాలాభిషేకం చేసే కుర్రవాడు అభిమాని. చేబదులు అడగడానికి నోరు రాక పస్తు పడుకున్న పెద్దమనిషి అభిమానవంతుడు. ఇంగ్లీషులో వీటికి చుట్టరికం లేని రెండు వేర్వేరు మాటలున్నాయి. మనకు మాత్రం ఇవి కవల పిల్లలు. తన జట్టు గెలిస్తే తానే గెలిచినట్టు, ఎవరైనా దాన్ని గేలి చేస్తే తన చెంప మీద కొట్టినట్టు మనిషికి ఎందుకనిపిస్తుందో తెలుగువాళ్ళకు పనిగట్టుకుని చెప్పనక్కర్లేదు. అది ఆ మాటలోనే ఉంది.

దీనికి ముందు 'దుర్' తగిలిస్తే దురభిమానం. అక్కడ మనవాళ్ళ మీద ఇష్టం కాస్తా పరాయివాడి మీద ద్వేషంగా మారిపోతుంది. ఈ రెంటి మధ్య గీత గీయడం కోసం ప్రభుత్వాలు చట్టాలు చేస్తాయి. చట్టాలకు మాత్రం ఈ రెండు మాటలూ పట్టవు. వాటికి నచ్చే మూడో మాట ఒకటుంది: 'అభ్యంతరకరమైన ప్రవర్తన'. ఎవరికి అభ్యంతరం, ఎందుకు అభ్యంతరం, ఎంతకాలం అభ్యంతరం అన్న ప్రశ్నలకు అందులో జవాబుండదు.

ఎమిరేట్స్‌లో ఫుట్‌బాల్ చుట్టూ జరిగిన కొన్ని సంఘటనల సాయంతో ఈ మూడు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. ఫుట్‌బాల్ మన ఆట కాదు, మనది క్రికెట్టు కదా అని పాఠకులు పేజీ తిప్పేయవద్దని మనవి. ఇందులో ఆట సంగతి తక్కువ. పరాయి దేశంలో బతికే మనిషి ఎవరి పక్షాన అరవవచ్చు, ఎలా అరవవచ్చు అన్నదే ఎక్కువ. ఆ ప్రశ్న మనందరి ఇళ్ళలోనూ ఉంది.

పంజరంలో ప్రశ్న

2019 జనవరిలో ఆసియా కప్ ఫుట్‌బాల్ పోటీలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జరిగాయి. 2011 తర్వాత మన జట్టు మళ్ళీ ఆ పోటీలకు అర్హత సంపాదించింది అప్పుడే. జనవరి 6న అబుదాబిలో థాయ్‌లాండ్‌ను 4-1 తేడాతో ఓడించింది. సునీల్ ఛేత్రి రెండు గోల్స్ చేశాడు. అంతవరకూ ఫుట్‌బాల్ ఊసెత్తని మనవాళ్ళు కూడా టిక్కెట్ల కోసం ఆరా తీయడం మొదలుపెట్టారు. జనవరి 10న తర్వాతి ఆట, జాయెద్ స్పోర్ట్స్ సిటీ స్టేడియంలో, ఆతిథ్య జట్టుతోనే. ఆ దేశంలో ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది విదేశీయులు. ఆ విదేశీయుల్లో అందరికన్నా ఎక్కువమంది భారతీయులు. అతిథులే ఇంటివాళ్ళకన్నా ఎక్కువున్న ఇంట్లో జరిగే ఆట అది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక వీడియో ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది. పక్షుల కోసం కట్టిన పంజరం లాంటి గదిలో కొందరు ఆసియా కార్మికులు ఉంటారు. బయట ఒక ఎమిరాతీ వ్యక్తి చేతిలో కర్రతో కూర్చుని ఉంటాడు. మీరు ఏ జట్టు పక్షం అని అడుగుతాడు. ఇండియా అంటారు వాళ్ళు. అది తప్పు, యూఏఈలో ఉంటున్నారు కనక యూఏఈ పక్షాన ఉండాలి అంటాడు అతను. మళ్ళీ అడుగుతాడు. ఈసారి వాళ్ళు యూఏఈ అంటారు. తలుపు తెరిచి వదిలేస్తాడు.

ప్రభుత్వం వెంటనే కదిలింది. అటార్నీ జనరల్ కార్యాలయం అతన్ని అరెస్టు చేయించింది. 2015లో ఆ దేశం చేసుకున్న వివక్ష, ద్వేష నిరోధక చట్టం ముందుకు వచ్చింది. మతం, జాతి, రంగు, పుట్టుక వంటి కారణాలతో మనిషిని హీనపరిస్తే జైలు, భారీ జరిమానా విధించే చట్టం అది. (2023లో దాని స్థానంలో మరో చట్టం వచ్చింది.) పైగా 2019ని ఆ దేశం 'సహన సంవత్సరం'గా ప్రకటించుకుంది. అటువంటి ఏడాది మొదటి నెలలోనే ఇటువంటి వీడియో రావడం ఎవరికైనా తలవంపులే. కారణం ఏదైనా, పేద కార్మికుల పరువు కోసం ఆ దేశపు చట్టం ఆ దేశపు పౌరుడి మీదికి కదిలింది. ఇది చిన్న విషయం కాదు. ఆ మాట ముందుగా చెప్పడం న్యాయం.

అరెస్టయిన మనిషి చెప్పుకున్న సంజాయిషీ ఏమిటంటే, అదంతా తమాషాకి చేసిందట. వాళ్ళు తన దగ్గర పనిచేసేవాళ్ళే, ఏళ్ళ తరబడి తెలిసినవాళ్ళే, ఒకే పళ్ళెంలో తింటామని అన్నాడు. అది అబద్ధమని అనడానికి నా దగ్గర ఆధారం లేదు. నిజమే అనుకుందాం. అయినా ఒక చిక్కుంది. తమాషా తమాషా కావాలంటే, నవ్వనని చెప్పే వీలు ఎదుటివాడికి ఉండాలి. ఆ వీలు వాళ్ళకు ఉందా? కార్మికుడి వీసా యజమాని చేతిలో ఉంటుంది. గల్ఫ్ వెళ్ళినవాళ్ళెవరిని అడిగినా కఫీల్ అంటే ఏమిటో చెబుతారు. కఫీల్ నవ్వితే నవ్వాలి. కాబట్టి వీడియోలో వాళ్ళ ముఖాల్లో నవ్వుందా లేదా అని వెతకడం దండగ. కర్ర ఎవరి చేతిలో ఉందన్నదే చూడాలి.

ఆ వీడియో గురించి అప్పుడు చాలా చర్చ జరిగింది. అందరూ పంజరం గురించే మాట్లాడారు. నన్ను మాత్రం వాళ్ళు చెప్పిన రెండు జవాబులు వదలలేదు. మొదటిసారి అడిగినప్పుడు, పంజరంలో ఉండి, ఎదురుగా కర్రను చూస్తూ కూడా, వాళ్ళు 'ఇండియా' అన్నారు. ఇలా అనమని ముందే చెప్పి పెట్టారేమో కూడా తెలియదు. కానీ చూసిన లక్షలమంది దాన్ని మామూలు జవాబుగానే తీసుకున్నారు. ఆ జవాబు ఎవరికీ వింతగా అనిపించలేదు. రెండో జవాబు కూడా వింతగా అనిపించలేదు. అదే అసలు బాధ.

ముసాఫా వైపు పనిచేసే జగిత్యాల మనిషి ఒకాయన ఆ రోజుల్లో నాతో అన్న మాట ఇది: "అన్నా, గా పంజరంల నేనుంటె మొదటిసారే యూఏఈ అంటుంటి. పొద్దుమీకి రూముకు పోయినంక ఇండియా అంటుంటి. గంతే గద, ఏముంది!" ఆయన నవ్వుతూనే అన్నాడు. కానీ వలసజీవి రాజకీయమంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది. ఒక మాట పంజరం దగ్గర, ఒక మాట రూములో. విదేశాల్లో ఉన్న మనలో ఎంతమందికి ఈ రెండు నాలుకల బతుకు తెలియదు?

పుట్టిల్లు, మెట్టిల్లు

ఈ ప్రశ్న గల్ఫ్‌లో పుట్టింది కాదు. 1990లో బ్రిటన్ రాజకీయ నాయకుడు నార్మన్ టెబిట్ ఇదే ప్రశ్నను క్రికెట్టు పరంగా అడిగాడు. ఆసియా నుంచి వలస వచ్చినవాళ్ళు ఏ జట్టు గెలవాలని అరుస్తున్నారో చూస్తే వాళ్ళు ఇక్కడివాళ్ళయ్యారో లేదో తెలుస్తుందని ఆయన వాదన. దాన్ని 'క్రికెట్టు పరీక్ష' అన్నారు. లండన్, లెస్టర్ నగరాల్లో ఉన్న మనవాళ్ళకు ఆ మాట ఎంత గుచ్చుకుందో ఆ తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. టెబిట్ చేతిలో కర్ర లేదు, పంజరమూ లేదు. అయినా ప్రశ్న అదే.

మనవాళ్ళు దీనికి సాధారణంగా చెప్పే సమాధానం పుట్టిల్లు, మెట్టిల్లు పోలిక. మెట్టినింటి పరువు నిలిపే కోడలు పుట్టింటి కబురు వింటే కళ్ళు చెమర్చకూడదా అంటాం. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పౌరసత్వం తీసుకున్నవాళ్ళకు ఈ పోలిక చక్కగా అతుకుతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు అతకదు. వాళ్ళను కోడళ్ళుగా తెచ్చుకోలేదు, పనికి పిలిపించుకున్నారు. పాతికేళ్ళు ఉన్నా వీసా తీరితే ఇల్లు ఖాళీ చేయాల్సిందే. అక్కడే పుట్టి, అక్కడే బడికి వెళ్ళి, అరబిక్ పాఠాలు చదువుకున్న మన పిల్లలది కూడా అదే పరిస్థితి. మెట్టినింటి హక్కులు ఇవ్వకుండా మెట్టినింటి అభిమానం అడగడం ఎలా కుదురుతుంది?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఆ దేశం మనకు అన్నం పెట్టింది, తిన్నింటి వాసాలు లెక్కపెట్టవచ్చా అని. పెట్టకూడదు. ఆ ఎడారిలో సంపాదించిన దానితోనే కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్ళకు కప్పులు పడ్డాయి, ఎన్నో పెళ్ళిళ్ళయ్యాయి. ఆ కృతజ్ఞత నాకూ ఉంది. కానీ కృతజ్ఞత వేరు, అభిమానం వేరు. కృతజ్ఞత చేసిన మేలుకు బదులు. అభిమానం బదులుగా ఇచ్చేది కాదు. ఇంకోరి ఇంట్లో భోజనం చేసి, వాళ్ళ వంటను మెచ్చుకుని, ఇంటికొచ్చాక అమ్మ చేతి పప్పుచారు కోసం చూడడం ద్రోహం కాదు కదా.

అదే నెల, ఇంకో ఆట

పంజరం సంగతి ఇంకా చల్లారకముందే మరో ఆట వచ్చింది. జనవరి 29న, అబుదాబిలోని మహమ్మద్ బిన్ జాయెద్ స్టేడియంలో సెమీ ఫైనల్. యూఏఈకి ఎదురుగా ఖతార్.

ఇది మామూలు ఆట ఎందుకు కాదో కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. 2017 జూన్ 5న సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు దేశాలు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. రెండు రోజుల తర్వాత, జూన్ 7న, యూఏఈ అటార్నీ జనరల్ ఒక ప్రకటన చేశారు. సోషల్ మీడియాలో గానీ, మాటల్లో గానీ, రాతలో గానీ ఖతార్ మీద సానుభూతి చూపితే 3 నుంచి 15 ఏళ్ళ జైలు, 5 లక్షల దిర్హాములకు తగ్గని జరిమానా అని. అంతకు రెండు రోజుల ముందు వరకు రెండు దేశాల మధ్య పెళ్ళి సంబంధాలున్నాయి, వ్యాపారాలున్నాయి, మనవాళ్ళలో భర్త దోహాలో, భార్య దుబాయ్‌లో ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలున్నాయి. రాత్రికి రాత్రే సానుభూతి నేరమైంది.

అటువంటి వాతావరణంలో ఈ సెమీ ఫైనల్ జరిగింది. మిగిలిన టిక్కెట్లన్నీ అబుదాబి స్పోర్ట్స్ కౌన్సిల్ కొనేసి స్థానిక అభిమానులకు పంచింది. ఖతార్ జాతీయగీతం వినిపించినప్పుడు స్టాండ్లు గోల చేశాయి. ఖతార్ ఒక్కొక్క గోలే చేసుకుంటూ 4-0తో గెలిచింది. మైదానంలోకి సీసాలు, చెప్పులు, బూట్లు వచ్చి పడ్డాయి. అరబ్బుల్లో చెప్పు విసరడం ఎంత అవమానమో మనకు వేరే చెప్పనక్కర్లేదు, మన దగ్గరా అంతే. తర్వాత ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య యూఏఈ సంఘానికి లక్షా 50 వేల డాలర్ల జరిమానా వేసి, ఒక ఆట ప్రేక్షకులు లేకుండా ఆడాలని తీర్పిచ్చింది.

ఇంకో తమాషా కూడా ఉంది. ఖతార్ జట్టులోని ఇద్దరు ఆటగాళ్ళకు ఆ దేశం తరఫున ఆడే అర్హత లేదని యూఏఈ సంఘం ఫిర్యాదు చేసింది. ఒకరు సూడాన్‌లో పుట్టారు, ఇంకొకరు ఇరాక్‌లో పుట్టారు. సమాఖ్య ఆ ఫిర్యాదును కొట్టేసింది. ఫిబ్రవరి 1న ఖతార్ ఫైనల్లో జపాన్‌ను 3-1తో ఓడించి కప్పు పట్టుకుపోయింది. పంజరం దగ్గర మనిషి, ఫిర్యాదు రాసిన సంఘం ఒకటి కాదు. అయినా రెండు వాదాలనూ పక్కపక్కన పెట్టండి. ఒకచోట 'ఎక్కడ ఉంటే అక్కడి పక్షం' అన్నారు. ఇంకోచోట 'ఎక్కడ పుడితే అక్కడి పక్షం' అన్నారు. వలస మనిషి ఏ తూనికరాయికీ సరిపోడు. అవసరాన్ని బట్టి రాయి మారుతుంది.

అదే పోటీల సమయంలో ఎమిరేట్స్‌కు వచ్చిన ఒక బ్రిటిష్ పౌరుడు ఖతార్ జట్టు చొక్కా వేసుకున్నందుకు తనను నిర్బంధించారని ఆరోపించాడు. అది నిజం కాదని, తప్పుడు ఫిర్యాదుతో పోలీసుల కాలం వృథా చేసినందుకు అతని మీద కేసు పెట్టామని యూఏఈ అధికారులు చెప్పారు. ఎవరి మాట నిజమో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. నాకు ముఖ్యంగా కనిపించేది మరొకటి. చొక్కా వేసుకుంటే అరెస్టు చేస్తారన్న వార్త విన్నప్పుడు చాలామంది 'అలా ఎందుకు చేస్తారు' అనలేదు, 'చేసే ఉంటారు' అన్నారు. సానుభూతికి 15 ఏళ్ళని ఒకసారి చెప్పాక, చొక్కా దాని కిందికి వస్తుందో రాదో ఎవరు చెప్పగలరు? గీత ఎక్కడుందో తెలియని చట్టం తప్పుచేసినవాణ్ణే కాదు, చేయనివాణ్ణి కూడా భయపెడుతుంది. ఆ భయాన్ని పోగొట్టడం తర్వాత ఆ ప్రభుత్వానికే కష్టమవుతుంది.

ఇప్పుడు రెండు సంఘటనలూ కలిపి చూద్దాం. పంజరం విషయంలో చట్టం ఒక పనిని శిక్షించబోయింది: మనుషుల్ని గదిలో పెట్టి, కర్ర చూపించి, పక్షం మార్పించడం. ఖతార్ విషయంలో మరో చట్టం ఒక పక్షాన్నే నేరం చేసింది: ఫలానావాళ్ళంటే ఇష్టమని అనడం. మొదటిది దురభిమానానికి వేసిన కళ్ళెం. రెండోది అభిమానానికి వేసిన తాళం. రెండింటికీ చట్టం పెట్టిన ఉద్దేశం మాత్రం ఒకటే, సమాజంలో శాంతి.

జకార్తాలో మన రహీం

జాతీయగీతాన్ని గేలి చేయడం మనకూ అనుభవమే. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు ఆతిథ్య దేశం ఇండోనేషియా ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదు. మన దేశపు క్రీడాధికారి జి.డి. సోంధీ దానికి అభ్యంతరం చెప్పారు. దానితో జకార్తా జనం భారత్ మీద మండిపడ్డారు. మన రాయబార కార్యాలయం మీద దాడి చేశారు. మర్నాడు, సెప్టెంబరు 4న, ఫుట్‌బాల్ ఫైనల్. సుమారు లక్షమంది ప్రేక్షకులు మన జట్టును చూసి గోల పెట్టారు. ఆ జట్టు కోచ్ మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. జట్టులో హైదరాబాదు యూసుఫ్ ఖాన్, సికింద్రాబాదు తులసీదాస్ బలరాం ఉన్నారు. ఆ గోలలోనే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. అప్పటికే జబ్బుతో ఉన్న రహీం మరుసటి ఏడాది కన్నుమూశారు.

ఇక్కడ రెండు పనులు విడదీసి చూడాలి. రాయబార కార్యాలయం మీద పడి పగలగొట్టడం నేరం. దానికి ఏ దేశంలోనైనా శిక్ష ఉండాలి. స్టేడియంలో గోల పెట్టడం అమర్యాద. అది కూడా రాజకీయ వ్యక్తీకరణే, మనకు ఎంత చేదుగా ఉన్నా. దానికి శిక్ష రెండు గోల్స్, వాటిని పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ వేశారు. ప్రతి అమర్యాదకూ సెక్షను వెతకనక్కర్లేదని జకార్తా చెబుతుంది.

స్కాట్లండ్ చేసి విరమించుకున్న పని

అమర్యాదకు కూడా సెక్షను పెట్టి చూసిన దేశం ఒకటుంది. స్కాట్లండ్‌లో సెల్టిక్, రేంజర్స్ జట్ల అభిమానుల గొడవ వెనక ఐర్లండ్ రాజకీయం, కేథలిక్, ప్రొటెస్టెంట్ పట్టింపులు ఉన్నాయి. ఆ పాటలు, నినాదాలు అదుపు చేయడానికి అక్కడి పార్లమెంటు 2012లో ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చింది. ద్వేషపూరితమైన మాటలను నిషేధించడంతో ఊరుకోక, అల్లరికి దారితీయగల, 'ఇంగితమున్న మనిషికి అభ్యంతరంగా తోచే ఇతర ప్రవర్తన' అంతా నేరం కిందికి తెచ్చింది. పెద్ద శిక్ష ఐదేళ్ళ జైలు. మరో విడ్డూరం ఏమిటంటే, రెచ్చిపోయే మనుషులు అక్కడ లేకపోయినా సరే, ఉండి ఉంటే రెచ్చిపోయేవారు కదా అని కేసు పెట్టవచ్చు.

అభిమానులు ఎదురు తిరిగారు. అదే పాట నాటకశాలలో పాడితే కళ, స్టేడియంలో పాడితే నేరమా అని అడిగారు. న్యాయస్థానాల్లోనూ ఆ చట్టం రాత మీద విమర్శలొచ్చాయి. చివరకు 2018లో ఆ పార్లమెంటే దాన్ని రద్దు చేసింది. అంతమాత్రాన అక్కడ దూషణ స్వేచ్ఛ అయిపోలేదు. జాతి, మత దూషణకు, కొట్లాటకు అందరికీ వర్తించే మామూలు చట్టాలు ఉండనే ఉన్నాయి. ఫుట్‌బాల్ అభిమానిని ప్రత్యేకమైన నేరస్థుడిగా చూసే చట్టం మాత్రం పోయింది.

చట్టాలతో పాటు ఆట పెత్తందార్ల నిబంధనలు కూడా ఉంటాయి. 2016 ఆగస్టులో ఒక ఇజ్రాయెల్ జట్టుతో ఆట జరుగుతుంటే సెల్టిక్ అభిమానులు పాలస్తీనా జెండాలు ఊపారు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం క్లబ్బుకు జరిమానా వేసింది. అభిమానులు ఆ జరిమానాకు బదులుగా పాలస్తీనా సేవా సంస్థలకు లక్ష పౌండ్లకు పైగా చందాలు పోగుచేశారు. వారి పక్షం మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. ఎవరినీ కొట్టలేదు, ఎవరినీ తిట్టలేదు. నాకు తెలిసి రాజకీయ అభిమానానికి ఇంతకన్నా మర్యాదైన రూపం లేదు.

మన ఇంట్లో మాత్రం?

పరాయి దేశాల చట్టాలను విమర్శించడం సులువు. మన పెరట్లోకి కూడా ఒకసారి చూడాలి. 2021 అక్టోబరు 24న టి-20 ప్రపంచ కప్‌లో భారత్, పాకిస్తాన్ దుబాయ్‌లో ఆడాయి. మనం పది వికెట్ల తేడాతో ఓడిపోయాం. దుబాయ్ స్టేడియంలో రెండు దేశాల వాళ్ళూ పక్కపక్కనే కూర్చుని చూశారు. మర్నాడు పొద్దున ఒకే మెట్రో ఎక్కి, ఒకే ఆఫీసుకు వెళ్ళారు. అదే ఆట గురించి ఆగ్రాలో చదువుకుంటున్న ముగ్గురు కశ్మీరీ విద్యార్థులు ఫోన్లలో పాకిస్తాన్‌ను మెచ్చుకున్నారని అరెస్టు చేశారు. రాజద్రోహం సెక్షను కూడా చేర్చారు. అలహాబాద్ హైకోర్టు 2022 మార్చి నెలాఖరులో బెయిలిచ్చేదాకా వాళ్ళు జైల్లోనే ఉన్నారు. బెయిలిస్తూ కోర్టు, దేశ ఐక్యత నినాదాల గాలికి వంగిపోయే రెల్లుపుల్ల కాదన్న అర్థం వచ్చే మాట అంది. అంతకు ముందు 2014లో మీరట్‌లో కూడా ఇటువంటిదే జరిగింది.

పాకిస్తాన్ మీద మన కోపానికి కారణాలు లేవని నేననడం లేదు. పంజరం వీడియో చూసి మనం ఎందుకు బాధపడ్డామో అదే కారణంతో ఆగ్రాను కూడా చూడాలంటున్నాను. 'ఇక్కడ ఉంటున్నావు, మా జట్టుకే జై కొట్టు' అన్న వాక్యం అబుదాబిలో తప్పయితే ఆగ్రాలో ఒప్పు ఎలా అవుతుంది? కశ్మీరీ విద్యార్థులు మన పౌరులు, అది వేరు అంటారు కొందరు. అయితే పౌరులకు స్వేచ్ఛ ఇంకా ఎక్కువ ఉండాలి గానీ తక్కువ ఎలా ఉంటుంది?

ఒక కొలబద్ద

2025 సెప్టెంబరులో ఆసియా కప్ క్రికెట్టు ఎమిరేట్స్‌లో జరిగింది. పహల్గాం దాడి, తర్వాతి సైనిక చర్య జరిగి కొన్ని నెలలే. దుబాయ్ పోలీసులు ముందే హెచ్చరించారు: అనుమతి లేకుండా మైదానంలోకి దూకినా, బాణాసంచా వంటివి తెచ్చినా నెల నుంచి మూడు నెలల జైలు, 5 వేల నుంచి 30 వేల దిర్హాముల జరిమానా. వస్తువులు విసిరినా, బూతులు, జాతి దూషణలు చేసినా 10 వేల నుంచి 30 వేలు. స్టేడియాల భద్రత కోసం 2014లో చేసిన చట్టంలోని మాటలివి. జాగ్రత్తగా చదివితే ఇందులో ఏ దేశం పేరూ లేదు. ఎవరికి జై కొట్టాలో లేదు. ఎలా ప్రవర్తించకూడదో మాత్రమే ఉంది. ఖతార్ ప్రకటనతో పోలిస్తే ఇది ఎంతో మేలైన చట్టం. అయితే 'దూషణ' అన్న మాటను పోలీసులు ఎంత వెడల్పుగా చదువుతారన్నదాన్ని బట్టే ఆ మేలు నిలుస్తుంది.

ఆ పోటీల్లో రెండు జట్లు మూడుసార్లు తలపడ్డాయి. మూడుసార్లూ రాజకీయం మైదానంలోంచే వచ్చింది. కరచాలనాలు లేవు. మన కెప్టెన్ సూర్యకుమార్ యాదవ్‌కు, పాకిస్తాన్ బౌలర్ హారిస్ రవూఫ్‌కు మ్యాచ్ ఫీజులో 30 శాతం చొప్పున కోత పడింది. సెప్టెంబరు 28న ఫైనల్లో మన హైదరాబాదు తిలక్ వర్మ 69 పరుగులతో నిలిచి గెలిపించాడు. మన జట్టు కప్పు అందుకోకుండానే వెనుదిరిగింది. పెద్దవాళ్ళు చేసే రాజకీయానికి ఫీజులో కోత, సామాన్యుడు ఒక మాట తూలితే జైలు. ఈ తేడా ఎవరూ పెద్దగా గమనించలేదు.

వీటన్నిటినీ చూశాక నాకు తోచిన కొలబద్ద మూడు ప్రశ్నలది. ఒకటి, చట్టం మనిషి చేసిన పనిని చూస్తోందా, అతని పక్షాన్ని చూస్తోందా? రెండు, ఆ సంఘటనలో కర్ర ఎవరి చేతిలో ఉంది? మూడు, రేపు రాజకీయం మారినా అది తప్పేనా? ఈ మూడో ప్రశ్నే అన్నిటికన్నా పదునైనది. 2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో గల్ఫ్ దేశాలు రాజీపడ్డాయి. 2022లో ఖతార్‌లో ప్రపంచ కప్ జరిగినప్పుడు దుబాయ్ నుంచి దోహాకు రోజూ అభిమానులను విమానాల్లో తీసుకెళ్ళి తీసుకొచ్చారు. 2017లో 15 ఏళ్ళ జైలు పలికిన సానుభూతి ఆరేళ్ళు తిరగకుండానే పర్యాటక వ్యాపారమైంది. మనిషిని పంజరంలో పెట్టడం మాత్రం 2019లోనూ తప్పే, ఇవాళా తప్పే. ఎప్పటికీ తప్పయినదాన్ని చట్టం పట్టుకోవాలి. ఈ ఏటికి తప్పయినదాన్ని వదిలేయాలి.

ఇక మన కుటుంబాల విషయం. ఎమిరేట్స్‌లో పెరిగిన మన పిల్లలు ఆ దేశపు జెండా రంగులు ముఖానికి పూసుకుని బడికి వెళతారు, సాయంత్రం ఇండియా చొక్కా వేసుకుంటారు. డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో పెరుగుతున్నవాళ్ళూ అంతే. 'నువ్వు ఏ జట్టురా?' అని మేనమామలు, బాబాయిలు సరదాకి అడుగుతుంటారు. సరదాకే అయినా, వాడు ఆలోచించుకుని చెప్పే జవాబును మార్పించవద్దు. ఇంట్లో ఒక జవాబు, బయట ఒక జవాబు చెప్పే విద్య పిల్లలు మన దగ్గరే నేర్చుకుంటారు. మొదటిసారి అడిగినప్పుడు వాడు ఏం చెప్పాడో అదే వాడి అభిమానం. రెండోసారి అడగనక్కర్లేదు.